మావయ్య పుస్తకం వేసిన ఏడాది

మా మేనమామ మీద 32 పేజీల చిన్న పుస్తకం వేశాం. సంవత్సరీకం నాటికి అచ్చయి చేతికొచ్చింది. రాజోలు చుట్టుపక్కల ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. అయితే వాళ్లందరికీ తెలిసింది బస్టాండు దగ్గర భోజన హోటల్ నడిపిన మనిషి. ఆ హోటల్ పెట్టకముందు పాతికేళ్లకు పైగా ఆయన బెంగళూరులో గోల్ఫ్ ఆడే మైదానం, అంటే గోల్ఫ్ కోర్సు మీద బతికాడు. ఆటగాళ్ల బ్యాగులు మోసే క్యాడీగా మొదలై, చివరికి డబ్బు తీసుకుని ఆడే, నేర్పే ప్రొఫెషనల్ అయ్యాడు. ఈ సంగతి మా బంధువుల్లోనే సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా "కుర్రతనంలో ఏదో ఆట ఆడేవాడంట" అని అక్కడితో ఆపేసేవారు. పెద్దకర్మ రోజు పెట్టిన ఫ్లెక్సీలో ఉన్నది కూడా గల్లాపెట్టె ముందు కూర్చున్న ఫోటోనే. సగం మనిషికే దండ వేశామని ఆ రోజే అనిపించింది. ఏడాది తిరిగేలోపు రెండో సగం కూడా నలుగురికీ తెలియాలని పట్టుబట్టాను.

పుస్తకం చూసినవాళ్లు చాలామంది, మా నాన్న గురించి ఇలా వేద్దామనుకుంటున్నాం, మా అమ్మమ్మ గురించి వేద్దామనుకుంటున్నాం, ఎలా చేశారని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే రాసి పెట్టడం మేలనిపించింది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఏం అడగాలన్నది. "మావయ్య గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటే ఎవరైనా చెప్పేవి ఆ నాలుగు మాటలే. దేవుడులాంటి మనిషండి. చేతికి ఎముక లేదండి. పిలిచి అన్నం పెట్టేవారండి. అవన్నీ నిజమే, మనసులోంచి వచ్చినవే. కానీ అవే మాటలు ఊళ్లో ఏ పెద్దమనిషికైనా సరిపోతాయి, అందులో మావయ్య కనబడడు. అందుకని మనిషి ఎలాంటివాడని అడగడం పక్కనపెట్టి పని గురించి అడిగాను. పొద్దున హోటల్‌కి రాగానే మొదట ఏం ముట్టుకునేవాడు? చేపని ఎక్కడ పట్టుకు చూసేవాడు? దేనికి కోపం వచ్చేది? ఇలా అడిగితే జనం నోరు విప్పారు.

హోటల్లో పులుసులు కాసే అక్క ఇరవై ఏళ్లకు పైగా ఆయన దగ్గర పనిచేసింది. "నాకేం తెలుసమ్మా, పొయ్యి దగ్గర ఉండేదాన్ని" అంటూ మొదలుపెట్టింది. బియ్యం సంగతి అడిగేసరికి ఇక ఆగలేదు.

"పొద్దున్నే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టేవాడమ్మా. అడుగు నుంచి గుప్పెడు తీసి రెండు గింజలు కొరికి చూసేవాడు. కొత్త బియ్యమైతే ఎసరు తగ్గించమనేవాడు, పాతవైతే పెంచమనేవాడు. నిన్నటి లెక్కే ఇవాళా అని ఒక్కనాడూ అనలేదు."

ఆ హోటల్లో ఎప్పుడూ వండింది స్వర్ణ బియ్యమే. పశ్చిమ డెల్టాలో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029 రకం. చుట్టుపక్కల హోటళ్లన్నీ సన్నబియ్యానికి మళ్లినా ఆయన మారలేదు. కూలి పనికి పోయేవాడికి సాయంత్రం దాకా ఆకలి ఆగాలంటే ఇదే ఉండాలనేవాడట. చేపల కోసం తెల్లారకుండానే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవాడు. మొప్ప ఎత్తి చూసి, తర్వాత బొటనవేలితో పొట్ట దగ్గర నొక్కేవాడు. గుంట పడి అలాగే ఉండిపోతే ఎంత తక్కువకిచ్చినా కొనడు. వరద నీళ్లు ఎర్రబడ్డాక పులస దొరికేది గానీ, దాన్ని హోటల్ బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు. ముందే చెప్పి పెట్టుకున్నవాళ్లకి మాత్రం రాత్రి మట్టి దాకలో కాయించి మర్నాడు మధ్యాహ్నం వడ్డించేవాడు. ఇవన్నీ అక్క చెప్పినవి. నేను అడ్డు రాకుండా ఫోన్లో రికార్డు పెట్టి కూర్చున్నాను. రాసుకుంటూ కూర్చుంటే చెప్పేవాళ్లు మన పెన్ను ఆగిందా లేదా అని చూస్తారు, మాట తెగిపోతుంది. రికార్డు పెట్టి, వాళ్ల మొహం చూస్తూ వినడం మేలు.

తర్వాత పెట్టె. అటక మీద ఇనప ట్రంకు పెట్టె ఒకటుందని అత్తయ్య చెప్పింది. అందులో పాత స్కోరు కార్డులు, ఇంగ్లీషు పేపర్ల ఆటల పేజీల నుంచి కత్తిరించిన ముక్కలు, కొన్ని ఫోటోలు, చెమటకి బిర్రబిగుసుకుపోయిన తోలు గ్లవ్ ఒకటి. ఎడమ చేతిది మాత్రమే. జత పోయిందేమో అనుకుని అత్తయ్య పెట్టె అంతా వెతికింది. గోల్ఫ్‌లో కుడిచేతి వాటం వాళ్లు మామూలుగా ఒక్క ఎడమ చేతికే గ్లవ్ వేసుకుంటారని అప్పుడు చెప్పాను. అది విన్నాక ఆవిడ ఫోటోలు మళ్లీ చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఫోటోలన్నిటిలోనూ కుడి చెయ్యి ఎండకి నల్లబడి ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి కిందకి తెల్లగా ఉంది. "పెళ్లిలో మా పిన్ని ఈ తెల్ల చెయ్యి చూసి బొల్లి ఉందేమోనని గొడవ పెట్టింది. మా నాన్న పక్కకి తీసుకెళ్లి ఈయన్నే అడిగాడు" అంది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఈ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఫోటో, ఆ మాటలు పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉన్నాయి. పుస్తకం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన పేజీ అదే.

పేపరు ముక్కల్లో స్కోర్లు చిన్న అక్షరాల్లో వరసగా ఉంటాయి. మావయ్య పేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంది. తేదీ లేని ముక్కని వెనక్కి తిప్పి చూస్తే అటువైపు ప్రకటనలోనో వార్తలోనో ఏ ఏడాదో పట్టుకోవచ్చు. చాలావాటికి అలాగే ఏడాది వేశాం. అలా తేలనివాటిని పక్కన పెట్టేశాం.

బెంగళూరు భాగం కోసం అత్తయ్య కొడుకు, నేను కలిసి వెళ్లాం. అక్కడ గోల్ఫ్‌కి పాత చరిత్ర ఉంది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది, దేశంలో అంతకంటే పాతది 1829లో పెట్టిన కలకత్తా క్లబ్. మావయ్య పనిచేసిన క్లబ్ పేరు మాత్రం పుస్తకంలో వెయ్యలేదు, ఇక్కడా వెయ్యను. కారణం కిందకి వస్తుంది. ఆఫీసులో అడిగితే అంత పాత క్యాడీల వివరాలు దొరకలేదు. క్యాడీలు లోపలికి వెళ్లే గేటు ఎదురుగా టీ కొట్టు ఉంటే అక్కడ ఫోటో పెట్టి కూర్చున్నాం. ఇప్పుడు పనిచేసే కుర్రాళ్లలో చాలామంది పాత క్యాడీల కొడుకులో మనవళ్లో. ఫోటో చేతులు మారింది. ఒక కుర్రాడు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని వాళ్ల తాతకి పంపాడు. సాయంత్రానికి ఆ తాత తనే ఆటోలో వచ్చేశాడు. కోలారు వైపు తెలుగు ఆయనది. ఫోటోలో మావయ్య పక్కన నిలబడ్డది తనే.

మా తాతయ్య, అంటే మావయ్య వాళ్ల నాన్న, వంటవాడు. కోనసీమ నుంచి వెళ్లి ఆ క్లబ్ దగ్గరలోని ఒక మెస్‌లో వంట చేసేవాడు. పదమూడేళ్ల కొడుకుని చదివిద్దామని తీసుకెళ్తే, వాడు బడి ఎగ్గొట్టి తుప్పల్లో పోయిన బంతులు వెతికి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత బ్యాగు మోశాడు. ఒక ఆట అంటే 18 హోల్స్, అంటే బంతిని వరసగా 18 గుంటల్లో వెయ్యాలి. ఏడెనిమిది కిలోమీటర్ల నడక, భుజాన 14 కర్రలున్న బ్యాగు. కోర్సుకి సెలవైన సోమవారం పూట క్యాడీలని ఆడుకోనిచ్చేవారట. సొంత కర్ర లేనివాళ్లు కాంక్రీటు చువ్వ చివర వంచి దాంతో కొట్టేవాళ్లు. కొబ్బరి మట్టతో క్రికెట్ ఆడి పెరిగిన పిల్లాడికి చువ్వ ఒక లెక్కా అనుకున్నాను నేను. ఆ తాత మాత్రం చువ్వతో బంతి నేరుగా పోవాలంటే ఎంత కష్టమో లేచి నిలబడి, చేతిలో గొడుగుతో చూపించాడు.

మావయ్యకి పేరు తెచ్చింది దూరం కొట్టడం కాదట, గ్రీన్ చదవడం. హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చికలో కంటికి ఆనని వాలు ఉంటుంది. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లే. బంతి ఎటు తిరుగుతుందో కొట్టకముందే పట్టుకోవాలి. "మీ మామ కూర్చుని చూసేది లేదమ్మా. చుట్టూ ఒకసారి నడిచి, 'బిందెడు నీళ్లు పోస్తే ఇటు పోతాయి' అనేవాడు. అట్లనే పొయ్యేది" అన్నాడు తాత. డెల్టాలో పుట్టినవాడికి ఆ చూపు రాకుండా ఎలా ఉంటుంది! కాలవ నుంచి బోదెకి, బోదె నుంచి మడికి నీళ్లు ఎటు పారతాయో చూసుకుంటూ పెరిగాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది మొదలు ఇక్కడ వ్యవసాయమంతా ఆ వాలు మీదే నడుస్తోంది. పెద్ద పెద్ద ఆటగాళ్లు టోర్నమెంటు రోజుల్లో ఫలానా కుర్రాడే క్యాడీగా కావాలని మావయ్యని అడిగి తీసుకునేవారట. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కర్రలు కొనుక్కుని, ఆడి, గెలిచి, మెల్లగా ప్రొఫెషనల్ల వరసలోకి వచ్చాడు.

ఆ రోజుల్లో మన ప్రొఫెషనల్ల సంపాదన టోర్నమెంట్లలో తక్కువ, పాఠాలు చెప్పడంలో ఎక్కువ. 1964లో మొదలైన ఇండియన్ ఓపెన్ టోర్నమెంటుని తొలి ఏడాది ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ గెలిచాడు. మరుసటి ఏడాది మనవాడు పి.జి. సేథీ గెలిచాడు గానీ, ఆయన అమెచ్యూర్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాడు. ప్రొఫెషనల్‌గా గెలిచిన మొదటి భారతీయుడు అలీ షేర్, 1991లో. ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. ఆ వార్త వచ్చిన రోజు బెంగళూరు క్యాడీలు మిఠాయి పంచుకున్నారట. మావయ్యకి అప్పటికి ముప్ఫై అయిదు దాటాయి. "మనలో ఒకడు గెలిచాడురా" అని పొద్దుపోయేదాకా అదే మాట అంటూ తిరిగాడని తాత చెప్పాడు. ఆ పేపరు ముక్క ట్రంకులో ఉంది. 2009లో బెంగళూరు క్యాడీగా మొదలైన మునియప్ప ఇండియన్ ఓపెన్ గెలిచినప్పటి ముక్క కూడా ఉంది. అప్పటికి మావయ్య హోటల్ పెట్టి పన్నెండేళ్లయింది. ఆ రోజు హోటల్లో అందరికీ పాయసం వడ్డించాడని సర్వర్ ఒకాయన గుర్తు చేసుకున్నాడు. ఏ పండగా కాదు కదా, పాయసం దేనికని అడిగితే "మావోడు గెలిచాడ్రా" అన్నాడట. సర్వర్ ఎవరో మేనల్లుడు ఎలక్షన్లో గెలిచాడనుకున్నాడు.

ఇక చెప్పాల్సిన కష్టమైన సంగతి. మావయ్య ప్రొఫెషనల్ అయ్యాక కూడా ఆ క్లబ్ భోజనాల హాల్లో కూర్చుని తినడానికి వీల్లేదు. మెంబర్లకి పొద్దుటి నుంచీ పాఠం చెప్పి, వాళ్లు లోపల భోంచేస్తుంటే, తాతయ్య మెస్ నుంచి పంపిన క్యారియర్ విప్పుకుని షెడ్డు వెనక చెట్టు కింద తినేవాడు. తాత ఇది చెప్తుంటే అత్తయ్య కొడుకు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక నేను చదివి తెలుసుకున్నది, ఈ పద్ధతి గోల్ఫ్ పుట్టిన దేశాల నుంచే వచ్చిందని. 1920లో ఇంగ్లండులో డీల్ అనే ఊళ్లో ఓపెన్ టోర్నమెంటు జరిగితే ప్రొఫెషనల్లని క్లబ్‌హౌస్‌లోకి రానివ్వలేదు. అమెరికా నుంచి వచ్చిన వాల్టర్ హేగెన్ అద్దె కారు తెచ్చి క్లబ్‌హౌస్ ముందే ఆపి, అందులోనే బట్టలు మార్చుకుని, అందులోనే భోంచేశాడు. ఆయనకి కారుంది. మావయ్యకి చెట్టు ఉంది.

ఇది పుస్తకంలో ఉండాలని నేను. వద్దని అత్తయ్య. "తిననివ్వలేదని రాసుకుంటే చిన్నతనమే. పోయినాయన పరువు తియ్యకు" అంది. ఇంట్లో మూడు నాలుగు వారాలు దీని మీదే టెన్షన్. నేను దేనికి పట్టుబట్టానంటే, మా హోటల్లో ఒక కట్టుబాటు ఉంది. కారులో ఎవరొచ్చినా డ్రైవరు వాళ్ల వరసలోనే కూర్చుని తినాలి. డ్రైవర్ని బయట ఉంచి "వాడికి పార్సిల్ కట్టెయ్యండి" అంటే మావయ్య వాళ్లకీ వడ్డించనిచ్చేవాడు కాదు. దిండి రిసార్టులకి వచ్చే పెద్దవాళ్లు ఒకరిద్దరు కోపంగా లేచి వెళ్లిపోయారు కూడా. ఆ కట్టుబాటు గురించి ఊరంతా చెప్తారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. చెట్టు సంగతి రాయకుండా డ్రైవర్ సంగతి రాస్తే దానికి వేరు లేదు. చివరికి తేల్చింది పులుసులు కాసే అక్క. ఓ మధ్యాహ్నం మా వాదన విని గరిటె పక్కన పెట్టి, "చిన్నతనం ఆయనకా అండీ, పెట్టనోళ్లకా?" అంది. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. ఆనక "వెయ్యి. ఆ క్లబ్ పేరు మాత్రం వద్దు, అక్కడి పనితో అన్నం తింటున్న పిల్లలు ఇంకా ఉన్నారు" అంది. అందుకే పేరు లేదు.

బెంగళూరు నుంచి మావయ్యని తిరిగి తెచ్చింది 1996 తుఫాను. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి కోనసీమలో తోటలకి తోటలు నేలకొరిగాయి, వెయ్యి మందికి పైగా పోయారు. మా అమ్మమ్మ వాళ్ల రెండెకరాల కొబ్బరిలో నిలబడ్డ చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్లు లేవు. మావయ్య పేపర్లో చూసి బయల్దేరి, నరసాపురం దాకా వచ్చి, గోదావరి దాటి, అక్కడి నుంచి పడిన చెట్ల మీదుగా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అమ్మమ్మ ఒక్కత్తీ ఉంది. ఆయన బెంగళూరు వెళ్లి, కర్రల సెట్టు మొత్తం తోటి క్యాడీకి అమ్మి, అత్తయ్యనీ పిల్లాడినీ తీసుకుని వచ్చేశాడు. కొన్నది మాకు కథ చెప్పిన తాతే. ఆ డబ్బుతో రెండు పెద్ద గంగాళాలు, ఒక గ్రైండరు వచ్చాయి. వంట తాతయ్య దగ్గర చూసి నేర్చుకున్నదే. 1997లో హోటల్ తెరిచాడు.

హోటల్ కట్టిన తాపీ మేస్త్రి ఇప్పుడు ముసలాయన, కంటిచూపు తగ్గింది. ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు, అక్కే పంపింది. కడిగిన నీళ్లు తూము వైపు పారేలా హోటల్ గచ్చుకి వాలు పెట్టాలి. "నేను నీళ్ల గొట్టం పట్టుకుని లెవెల్ చూద్దునా, మీ మావయ్య గుమ్మంలో నిలబడి 'ఆ మూల అర అంగుళం ఎత్తుంది మేస్త్రీ' అన్నాడండి. చూస్తే అంతే ఉంది. ఈయన ఎక్కడ పనిచేశాడ్రా అనుకున్నాను." బెంగళూరు తాత చెప్పిన బిందెడు నీళ్ల మాట ఈ మేస్త్రికి తెలియదు, మేస్త్రి మాట తాతకి తెలియదు. పుస్తకంలో రెండూ ఎదురెదురు పేజీల్లో వేశాం.

హోటల్ లెక్కల నోటుబుక్కులు చాలా ఉన్నాయి. పొడుగాటి పుస్తకాలు, రోజుకో పేజీ. ఎడమవైపు బియ్యం ఇన్ని కేజీలు, పప్పు ఇన్ని, చేప ఇంత. కుడివైపు చివర +3 అనో, -2 అనో, లేకపోతే ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం. మైనస్ ఉన్నచోటల్లా చుట్టూ చతురస్రం గీసి ఉంది. అత్తయ్య కొడుకు గల్లా తేడా అనుకున్నాడు, కానీ డబ్బు లెక్కలతో ఏదీ కలవలేదు. ఒక పేజీ ఫోటో తీసి బెంగళూరు తాతకి పంపితే వెంటనే వీడియో కాల్ చేశాడు. గోల్ఫ్‌లో ఆ కోర్సుకి ఇన్ని దెబ్బలని ‘పార్’ ఉంటుంది, చాలా కోర్సులకి 72. అంతకంటే ఎక్కువ కొడితే ప్లస్, తక్కువలో ముగిస్తే మైనస్, సరిగ్గా అంతే అయితే ‘ఈ’, అంటే ఈవెన్. కార్డు మీద ఒక హోల్‌లో ఒక దెబ్బ తక్కువైతే అంకె చుట్టూ సున్నా చుడతారు, ఒకటి ఎక్కువైతే చతురస్రం గీస్తారు. చతురస్రమంటే తప్పు జరిగినట్టు.

అప్పుడు అర్థమైంది. మిగిలిన అన్నం కేజీల్లో ప్లస్. చాలకపోయింది మైనస్. గోల్ఫ్‌లో మైనస్ కోసం పాతికేళ్లు తపించిన మనిషి, హోటల్లో మైనస్‌కి చతురస్రం గీశాడు. అన్నం చాలలేదంటే ఎవరో ఆకలితో వెనక్కెళ్లారన్నమాట.

ఈ సంగతి తెలిశాక అక్క, అత్తయ్య కొడుకు, నేను కింద కూర్చుని అంతర్వేది తీర్థం పేజీలన్నీ వెతికాం. మాఘమాసంలో కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథానికి జనం మా రోడ్డు మీదుగానే పోతారు. హోటల్‌కి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రోజు అదే. మొదటి ఏడాదే -9, చుట్టూ రెండు చతురస్రాలు. అక్కకి ఆ తీర్థం గురించి హోటల్లో చేరిన కొత్తలోనే మావయ్య చెప్పాడట. మూడింటికే గంగాళాలు ఖాళీ అయితే, తలుపు మూయకుండా రవ్వ తెప్పించి ఉప్మా చేసి తిరుగు జనానికి ఊరికే పెట్టాడు. తర్వాతి ఏడాది రెండో పొయ్యి వచ్చింది. ఏడాదికేడాదికీ అంకె చిన్నదవుతూ, కొన్నేళ్లకి తీర్థం పేజీలోనే ‘ఈ’ పడింది. దాని పక్కన ఇంకేమీ రాసుకోలేదు. ఆ పేజీని ఉన్నదున్నట్టు స్కాన్ చేసి పుస్తకం వెనక అట్ట మీద వేశాం.

రాయడం కంటే సరిచూడటం ఎక్కువ పట్టింది. గోల్ఫ్‌లో ఎవరి స్కోరు వాళ్లు రాసుకుని ఇచ్చేస్తే చెల్లదు. తోటి ఆటగాడు మార్కర్‌గా ఉండి రాస్తాడు, ఆట అయ్యాక ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది తెలిశాక మేము కూడా అదే పెట్టుకున్నాం. ఎవరు చెప్పిన భాగం వాళ్లకి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే డీటీపీకి ఇచ్చాం. మేస్త్రి "అర అంగుళం అన్నాను, మీరు అంగుళం రాశారు" అని పట్టుకున్నాడు. అత్తయ్య కొడుకు తండ్రి గురించి గొప్పగా రాసిన రెండు పేరాలు అక్క తీసేయించింది. "అలా అనేవాడు కాదు బాబూ" అంది, అంతే. ఇంట్లోవాళ్లు మాత్రమే కూర్చుని రాసుకునే పుస్తకాల మీద నాకు నమ్మకం లేదు. కలిసి పనిచేసినవాళ్ల చేత ఒప్పించుకోవాలి.

అచ్చు విషయాలు త్వరగా చెప్తాను. డెమ్మీ 1/8 సైజు. అచ్చు 16 పేజీల ఫారాల లెక్కన పోతుంది కాబట్టి పేజీలు 16, 32, 48 ఇలా ఉండేలా చూసుకుంటే డబ్బు వృథా కాదు. 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం, నడిమి పిన్ను, 300 కాపీలు. ప్రెస్సులో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లలోనే చేస్తారు. మనం ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే మార్చేటప్పుడు ఒత్తులు అక్కడక్కడ ఎగిరిపోతాయి. అందుకే చివరి ప్రూఫు కాగితం మీదే తీసుకుని, గట్టిగా పైకి చదువుతూ ఇద్దరు చూడాలి. ఫోటోలు ఫోన్‌తో తీసినవి కాకుండా స్కాన్ చేయించినవి ఇవ్వండి. ఎడమ చేతి తెలుపు మాకు స్కాన్‌లోనే స్పష్టంగా వచ్చింది.

సంవత్సరీకం రోజు భోజనాలు హోటల్లోనే పెట్టాం. బెంగళూరు తాత మనవడితో వచ్చాడు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు తిని, హోటలంతా తిరిగి గచ్చు కూడా చూశాడు. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, కన్నడమే చదువుతాడు. పాత క్యాడీల్లో చాలామందిదీ అదే పరిస్థితి. అందుకని అత్తయ్య కొడుకు పుస్తకమంతా చదివి ఆడియో రికార్డు చేశాడు. అది వాట్సాప్‌లో వెళ్లాక అటు నుంచి కబుర్లు మొదలయ్యాయి. మావయ్య దగ్గర పాఠం నేర్చుకున్న ఒకావిడ తన స్కోరు కార్డులు పంపింది, మార్కర్ గడిలో మావయ్య సంతకం ఉంది. చువ్వతో చేసిన కర్ర ఒకటి ఇంకా తన ఇంట్లో ఉందని ఇంకో క్యాడీ ఫోటో పెట్టాడు.

ఇప్పుడు రెండో ముద్రణ పని నడుస్తోంది. ఈసారి 48 పేజీలు, పెరిగిన ఫారమంతా బెంగళూరుదే. తీర్థం హడావుడి అయ్యాక మళ్లీ వెళ్లి, చువ్వ కర్ర ఉన్నాయన్ని కూర్చోబెట్టి చెప్పించుకోవాలి. డీటీపీ అబ్బాయిని ఫైళ్లు చెరపొద్దని చెప్పి అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చాం.